శిఖండి వృత్తాంత విమర్శనము

మహాభారతమందలి పాత్రములలో శిఖండివలె లోకముచేఁ దప్పుగా గ్రహింపఁబడినది మఱియొకటి లేదనిన నతిశయోక్తి కాదు. ఆతని పేరు వ్యవహారమున నిందాపదమైపోయినది. కొందఱాతని నపుంసకుఁడందురు, కొందఱు యుద్ధకాలమునను స్త్రీయే యందురు, అర్జునుఁ డాతని చాటున దాఁగి భీష్ముని గొట్టెననుట పురాణకాలక్షేపములలో సర్వసాధారణము. ఈ కథ యొక్కచోట నుండక ఆది, ఉద్యోగ, భీష్మ, సౌప్తిక పర్వములందుఁ జెదరియుండుటయు, ఒకచోటి మాట వేఱొకచోటి మాటతోఁ బైకిఁ బొసఁగకుండుటయు నీ కలవరమునకుఁ గారణములు. చెదరినదానినిఁ గూర్చి చూచినచో నేది మూలమున నున్నదో, ఏది లోకము చేర్చినదో తేటపడఁగలదు.

కథాక్రమ మిది. భీష్ముఁడు తన తమ్ముఁడగు విచిత్రవీర్యునికై కాశిరాజు కుమార్తెలను మువ్వురను స్వయంవరమునుండి తెచ్చెను. వారిలోఁ బెద్దదియగు అంబ తాను సాల్వరాజును వరించితినని చెప్పఁగా నామెను విడిచిపుచ్చెను. సాల్వుఁ డామెను స్వీకరింపలేదు. పరశురాముఁ డామె పక్షమునఁ గురుక్షేత్రమున భీష్మునితోఁ బోరియు గెలువలేకపోయెను. అంతట అంబ ఘోరతపము చేసి, జన్మాంతరమునఁ బురుషత్వము నొంది యుద్ధమున భీష్ముని జంపుదువనియు, పూర్వవృత్తాంతమంతయు స్మృతియందుండుననియు శివునివలన వరము వడసి యగ్నిప్రవేశము చేసెను. పిదప ద్రుపదునకుఁ బుత్రికగాఁ బుట్టి, పుత్రుఁడని ప్రకటింపఁబడి పెరిగెను. దశార్ణాధిపతియగు హిరణ్యవర్మ తన కూఁతునిచ్చి వివాహము చేసిన పిమ్మట రహస్యము బయలుపడి, ఆ రాజు దండెత్తఁ బూనఁగా, కన్య ప్రాణములు విడువ నడవికిఁ బోయెను. అచట స్థూణాకర్ణుఁడను యక్షుఁడు కొంతకాలముపాటని నియమము చేసి తన పుంస్త్వము నిచ్చి యామె స్త్రీత్వమును గైకొనెను. అంతలోఁ గుబేరుఁ డచ్చటికి వచ్చెను. యక్షుఁడు సిగ్గుచే నెదురేఁగకుండుటచేఁ గోపించి, యతఁడు స్త్రీగానే యుండునట్లు శపించి, శిఖండి మరణముతో శాపాంతమగునని పిదప ననుగ్రహించెను. చెప్పిన గడువునకు శిఖండి తన మాట నిలుపుకొనఁ దిరిగివచ్చెను. యక్షుఁడు జరిగినది చెప్పి పంపివేసెను. ఎరవు తెచ్చుకొన్న పురుషత్వమును మరల నప్పగింప వచ్చినవానిని లోకము పిఱికియని నిందించుట విచిత్రము.

ఇందు మొదటి సంశయము, యుద్ధకాలమున శిఖండి పురుషుఁడా, స్త్రీయా యనునది. శిఖండశబ్దముపై మత్వర్థీయమగు ఇనిప్రత్యయము చేరఁగా శిఖండి యనియు, దానిపై స్త్రీప్రత్యయమగు ఙీప్పు చేరఁగా శిఖండిని యనియు నగును. ప్రకృతి యొక్కటియే, ప్రత్యయమే పోయినది. తెలుఁగున మఱియొక చిక్కు కలదు. శిఖండిశబ్దముపై ద్వితీయావిభక్తి చేరినను శిఖండిని యనియే యగుటచేఁ జదువరికి వ్యక్తిభేదమే మఱుఁగుపడును. శబ్దము నటుంచి యర్థమును జూచినను విషయము స్పష్టమే. హిరణ్యవర్మ యువతులను బంపి పరీక్షింపించి తృప్తుఁడయ్యెను. యక్షుని శాపమునకు శిఖండి మరణమే యవధి యగుటచే నాతని పుంస్త్వమును మరణపర్యంతము నిలిచినదియే. ఆతఁడు ద్రోణునొద్ద ధనుర్వేద మభ్యసించెను. భీష్ముఁడే పాండవపక్షపు యోధుల లెక్కించునపుడాతని రథముఖ్యులలోఁ జేర్చెను.

అట్లైన భీష్ముఁ డేల యాతనిపై బాణము వేయఁడు? దీనికుత్తరము భీష్ముని వ్రతమునందే యున్నది. స్త్రీయందును, స్త్రీపూర్వునియందును, స్త్రీనామము గలవానియందును, స్త్రీరూపము గలవానియందును దాను బాణములు విడువనని యాతఁడు నాలుగు విధములుగాఁ బేర్కొనెను. శిఖండి యప్పటికి స్త్రీయే యైనచో మొదటి పదమే చాలియుండెడిది. స్త్రీపూర్వుఁడనఁగా మునుపు స్త్రీయైయుండి యిప్పుడు కానివాఁడు. ఈ రెండవ పదము వలసివచ్చుటయే యాతని పురుషత్వమునకు సాక్ష్యము. నపుంసకవాదమునకు మూలమున నాధారము లేదు.

రెండవ సంశయము, భీష్ముని గూల్చినవాఁ డెవ్వఁడను నది. శిఖండిని పురస్కరించుకొని అర్జునుఁడు కొట్టెనని మూలము చెప్పుచున్నది. క్త్వాంతమునకును, దాని స్థానమున వచ్చు ల్యబంతమునకును, ప్రధానక్రియకును గర్త యొక్కఁడే కావలెనని పాణినీయనియమము. కావున ముందు నిలిపినవాఁడును గూల్చినవాఁడును అర్జునుఁడే. భీష్ముఁడును దనకు నాటిన బాణములు శిఖండివి కావనియు నర్జునునివనియు దుశ్శాసనునితోఁ బలికెను. శిఖండి యూరకున్నాఁడని గాని, అర్జునుఁడు మోసగించెనని గాని యిందుండి తేలదు. శిఖండియుఁ దొలుతనే బాణములు వేసెను. ఆ యుపాయమును దొమ్మిదవ నాఁటి రాత్రి తన్నుఁ జేరవచ్చిన పాండవులకు భీష్ముఁడే చెప్పియుండెను. చంపఁబడువాఁ డెఱిఁగి చెప్పిన దానిని చాటుదెబ్బ యనుట పొసఁగదు.

మఱి చంపుదువనిన శివుని వర మేమయ్యెను? భిక్షలు మనుష్యుని నిలుపుచున్నవి, పిడకల నిప్పు చదివించుచున్నది యను వ్యవహారములను భాష్యకారుఁడు చర్చించినాఁడు. భిక్ష యుండుమని చెప్పదు. నిప్పు చదువుమని చెప్పదు. ఐనను వానియునికియే క్రియకుఁ దోడ్పడుటచే వానికిఁ గర్తృత్వము చెల్లుచున్నది. శిఖండి యెదుట నిలుచుటయే భీష్ముని విల్లును దింపినది. ఇది ముఖ్యకర్తృత్వము గాదు, గౌణమే. కాని వరము వ్యర్థము గాకుండుట కది చాలును. పదవనాఁటిది పతనము మాత్రమే. మరణము 58 రాత్రులు శరశయ్యపైఁ గడపిన పిదప నుత్తరాయణమున భీష్ముని యిచ్ఛచే జరిగినది.

మూడవ సంశయ మన్నిటికంటెఁ గఠినమైనది. పూర్వస్మృతి యుండునని వరము గదా! శిఖండికి అంబనను స్మృతి కలదా? ఆదిపర్వమందలి యంశావతరణమున శిఖండి రాక్షసాంశమని మాత్రమే చెప్పఁబడినది, అంబ పేరెత్తఁబడలేదు. భీష్మపర్వమునఁ బదవనాఁడు భీష్ముఁ డాతనితో, నీవు విధాత సృజించిన యా శిఖండినివే, నీతోఁ బోరననఁగా, శిఖండి క్రోధముతో నిన్నెఱుఁగుదుననియు, జామదగ్న్యునితోడి నీ యుద్ధమును వింటిననియుఁ బలికెను. ఆ యుద్ధము అంబకై జరిగినది. దానికై పోరించినది వింటినననునా? స్మృతి గలవాఁ డాడవలసిన మాట యిది కాదు.

పూనాలోని భాండార్కరు ప్రాచ్యవిద్యాసంశోధనమందిరమువారి సంశోధితపాఠమున, 1940లో వెలువడిన యుద్యోగపర్వమందు వరమును, 1947లో వెలువడిన భీష్మపర్వమందు నీ సంవాదమును నిలిచియే యున్నవి. కావున నొకదానిని ప్రక్షిప్తమని త్రోసి సమాధానపడుట కవకాశము చాలదు. అంబను దీసివేసినను స్త్రీపూర్వుఁడను హేతువుచే భీష్ముని నిరాకరణము నిలుచునే కాని తఱుగదు. కథ నడుచుటకు శిఖండిని చాలును. అంబ యేల కావలెను?

ఈ వృత్తాంతమును జెప్పుచున్న దెవ్వరో గమనించినచో సమాధానము దొరకును. అంబయే శిఖండియైనదని దుర్యోధనునితోఁ జెప్పువాఁడు భీష్ముఁడు. జడులుగను, అంధులుగను, బధిరులుగను నటించు చారులను ద్రుపదునియొద్ద నుంచి తాను దెలిసికొంటిననియు, నారదుఁడును జెప్పెననియు నాతఁడే చెప్పెను. అంబను సాల్వునొద్దకుఁ బంపిన భీష్ముఁడు పిదప నామె కనుపించిన ప్రతితావును గనిపెట్టుచు వచ్చెను. స్మృతి శిఖండిమాటలలోఁ గానరాదు. భీష్మునియందు సంపూర్ణముగ నున్నది. చంపవచ్చినవాఁడు మఱచియుండవచ్చును, చావవలసినవాఁడు మఱవలేదు. నాఁడు స్త్రీగా నెదుట నిలిచి యడిగినదానికి లభింపని గుర్తింపు, పురుషుఁడై వచ్చినపుడు భీష్ముఁ డస్త్రము దింపుటచే లభించినది. అంబ కావలసిన దిందులకే. శిఖండిమాటలలో నామెకుఁ దావున్నచో నొక్కపదమందే: పాండవులకును దనకును బ్రియము చేయుటకై పోరుదుననెను. ఆ తనకను మాటలో నెవ్వరున్నారో కవి చెప్పలేదు.

సౌప్తికమున నశ్వత్థామ రాత్రివేళ శిఖండిని ఖడ్గముచే రెండుగా నఱికెను. అచట యక్షుని శాపాంతము గాని, అంబ పేరు గాని లేదు. భీష్ముఁడు కూలినతోడనే యా ఋణము తీఱినది. అటుపిమ్మట మరణించినవాఁడు ద్రుపదుని కుమారుఁడగు నొక యోధుఁడు మాత్రమే. ఆతని నట్లు తలఁచుటయే మూలమునకు న్యాయము. నిందాపదము మూలమునఁ బుట్టినది కాదని సహృదయులు గ్రహింతురు గాక.