మడమ మీద ఒక చుక్క

పుట్టిన రెండు మూడు రోజుల బిడ్డ మడమ నుంచి నెత్తుటి చుక్క తీసే నర్సు పని చూడ్డానికి చిన్నదే. ఆ చుక్కతో తేలేది మాత్రం గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేస్తోందా లేదా అన్న సంగతి. ఆ గ్రంథి తగినంత థైరాక్సిన్ ఇవ్వకపోతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ తన హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ను పెంచి దాన్ని తొందరపెడుతుంది. అయితే పుట్టిన వెంటనే ప్రతి బిడ్డలోనూ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరిగి, తర్వాత తగ్గుతుంది. అందుకే 48 గంటలు దాటాక తీయడం మంచిది. వేళ తెలిసి సూది పట్టడం, నా దృష్టిలో, ఈ విద్యలో సగం.

మిగతా సగం చేతిలో ఉంది. మడమను వెచ్చని గుడ్డతో కాచి, ఎముకకు తగలకుండా పక్కభాగంలో గుచ్చి, మొదటి చుక్కను తుడిచేసి, రెండోదాన్ని ఫిల్టర్ పేపర్ మీది వలయానికి తాకిస్తారు. అవతలివైపు దాకా ఇంకాలి. గట్టిగా పిండితే ఒంట్లోని నీరు కలిసి నెత్తురు పలచనవుతుంది. పరీక్ష చేసేది యంత్రమే కదా, ఇందులో గొప్పేముంది అనొచ్చు. యంత్రం తనకిచ్చిన మచ్చనే కొలుస్తుంది. మచ్చ పలచనైతే ఉన్న లోపం దాని కళ్లుగప్పుతుంది. లక్షణాలు కనబడ్డాకే చూసుకుందాం అనేవారూ ఉన్నారు. కానీ కడుపులో తల్లి హార్మోన్ కొంత కాపాడడం వల్ల చాలామంది బిడ్డలు పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. మందగించడం కంటికి ఆనేసరికి మెదడు ఎదుగుదలలో తిరిగిరాని రోజులు పోతాయి. మొదటి రెండు వారాల్లోనే థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరూ తోటిపిల్లల్లాగే ఎదుగుతారు. ఆ మాత్రను పొడిచేసి, కొద్దిగా తల్లిపాలలో కలిపి పట్టిస్తారు.