సామాను వచ్చింది, ఇల్లు రాలేదు

మనోహరాబాద్ నుంచి మొన్న ఆదివారం అమ్మను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. గంట కొట్టే బొమ్మ కోసం గడియారం ముందు అందరితోపాటు మేమూ కూర్చున్నాం. మేలిముసుగు రెబెక్కా దగ్గర అమ్మ అడిగింది: "ఇది ఆళ్లింట్ల యాడ పెట్టుకున్నరు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. బెంజోని చెక్కిన ఈ పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. 1951లో మ్యూజియం మొదలైంది వాళ్ల సొంతిల్లు దివాన్ దేవిడీలోనే. 1968లో సామానంతా ఇప్పటి భవనంలోకి వచ్చింది. దేవిడీ చాలావరకు పోయింది. సేకరణ గొప్పదే, కాదనను. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే డేటా మైగ్రేట్ అయింది, కాంటెక్స్ట్ రాలేదు.

మధ్యాహ్నం ఆటోలో పురానీ హవేలీకి పోయాం. అక్కడి నిజాం మ్యూజియంలో ఏడో నిజాం రజతోత్సవ కానుకలు చూస్తూ నేనైతే ఆవులించాను. కానీ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. బీరువా అనకూడదేమో, పొడవాటి హాలు నిండా రెండంతస్తుల చెక్క తలుపులు! ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదంటారు. రెబెక్కా కన్నా నాకు ఈ చెక్కే ఎక్కువ నచ్చింది. అమ్మ ఒక తలుపు ముందు చాలాసేపు నిలబడింది.

"ఇన్ని బట్టలు మడతలెవలు పెట్టిన్రో."