చీటీలు తీసి పెట్టే పేర్లు

కంప్యూటర్‌లో నడిచే ప్రతి పనికీ ఒక పేరు కావాలి. మనం పెట్టకపోతే యంత్రమే పెడుతుంది. 2013లో విడుదలైన డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌నే చూడండి. 'డాకర్ రన్' అని ఆదేశమిచ్చి, కంటెయినర్‌కు మీరు పేరు చెప్పలేదనుకోండి. అది రెండు జాబితాల నుంచి చెరొక మాటను చీటీ తీసినట్టు తీసి అతికిస్తుంది. మొదటి జాబితాలో వందకు పైగా ఆంగ్ల విశేషణాలున్నాయి. రెండోదానిలో రెండు వందలకు పైగా శాస్త్రవేత్తల, కంప్యూటర్ నిపుణుల పేర్లున్నాయి. 'ఎలిగెంట్_రామన్', 'స్లీపీ_క్యూరీ' వంటివి ఇలా పుట్టినవే.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. పొడవైన గుర్తింపు సంఖ్య కన్నా ఇటువంటి పేరు నోటికి సులువు. పైగా చీటీలో వచ్చిన పేరు లోపలి గుట్టు చెప్పదు. 1940లో జర్మన్ల 'వోటాన్' అనే రహస్యనామం బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్.వి.జోన్స్ దృష్టికి వచ్చింది. వోటాన్ ఒంటికన్ను దేవుడు. కనుక ఇది ఒకే రేడియో పుంజంతో బాంబర్లకు దారి చూపే పద్ధతి అయి ఉంటుందని ఆయన ఊహించాడు. అదే నిజమైంది. ఆలోచించి పెట్టిన పేరే గుట్టు విప్పింది!

అయితే చీటీల సంచి మీరనుకున్నంత పెద్దది కాదు. లెక్క తేలికగా ఉండటానికి 100 విశేషణాలు, 200 పేర్లు అనుకుందాం. మొత్తం 20,000 జంటలు. వేర్వేరు యంత్రాల్లో 170 పేర్లు పుట్టేసరికే, వాటిలో ఏవో రెండు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది. ఒకే యంత్రంలోనైతే డాకర్ జాగ్రత్త పడుతుంది. పేరు అప్పటికే ఉంటే మళ్ళీ చీటీ తీసి, చివర ఒక అంకె చేరుస్తుంది.

నా అసలు అభ్యంతరం వేరు. స్టీవ్ వోజ్నియాక్ పేరు పక్కన 'బోరింగ్' అనే విశేషణం పడకుండా ఈ ప్రోగ్రాములో ప్రత్యేకంగా ఒక నిబంధన రాశారు. చమత్కారమే, కాదనను. కానీ ఆ మర్యాద ఆయనొక్కడికే. యుద్ధకాలపు ఇంగ్లండులో తగిన శాకాహారం దొరకక ఇబ్బందిపడి, జబ్బుతో స్వదేశం చేరి, 1920లో 32వ ఏట కన్నుమూసిన రామానుజన్ పేరు పక్కన 'హంగ్రీ' పడితే ఆపేవారు లేరు. యంత్రానికి దురుద్దేశం ఉండదు. జాబితా రాసింది మాత్రం మనుషులే.

వారి శ్రద్ధను కూడా చెప్పాలి. ఒక పురుషుడి పేరు చేర్చేవారు అంతటి స్త్రీ పేరు కూడా చేర్చే సంగతి ఆలోచించాలని మూల ప్రోగ్రాములోనే కోరారు. అసీమా ఛటర్జీ, సతీశ్ ధావన్, ఖొరానా అందులో ఉన్నారు. ప్రతి పేరుకూ పైన చిన్న పరిచయం ఉంది. కాని అది తెర మీదకు రాదు. 'బోస్' అని కనిపిస్తే జగదీశ్ చంద్రుడా, సత్యేంద్రనాథుడా? వాడేవారికి తెలిసే దారి లేదు.

ఆ పరిచయ వాక్యాన్ని పేరుతోపాటు చూపిస్తే ఈ సరదా చదువు కూడా అవుతుంది. అంతవరకు, పాఠకులారా, పది రోజులు నిలవాల్సిన పనికి పేరు మీరే పెట్టండి. పది నిమిషాల పనికి చీటీ చాలు.