దంపతులు చూచిన వెనిస్

యాత్రావ్యాసానికి రెండు బాధ్యతలు కలవు. చూచినదానిని చెప్పడం ఒకటి. చూచిన కన్ను ఎవరిదో తెలియజేయడం రెండవది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. 1838లో అచ్చయిన అతని ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ నీటి వసతి ఎట్టిది, సరుకులు దొరకునా, జనుల నడవడి ఏమి అనే విచారణ కలదు. యాత్రికుని పుణ్యాపేక్షతోపాటు ఉద్యోగి లోకజ్ఞానం కూడా అందులో కనబడుతుంది. ఆ రెండవ బాధ్యతను నేటి యూరపు యాత్రావ్యాసం తరచు విస్మరిస్తున్నది.

అట్టి వ్యాసాలలో కాలువల నగరాన్ని గూర్చినది ఒక ప్రత్యేక శాఖగా ఏర్పడింది. వెనిస్ కావచ్చు, ఆంస్టర్‌డాం కావచ్చు, బ్రూజ్ కావచ్చు, చట్రం ఒక్కటే. దంపతులు ఉదయం దిగుతారు. వంతెనపై ఛాయాచిత్రం, చర్చి శిఖరం, పడవ షికారు, ఫలహారం ధర చూచి ఆశ్చర్యం, అస్తమయం, తిరుగు ప్రయాణం. వ్యాసం పొడవునా ‘మేము’ అనే మాట వినబడుతుంది. కాని ఆ ‘మేము’లో ఇద్దరు ఉన్నట్టు పాఠకునికి ఒక్క నిదర్శనమైనా దొరకదు. భర్త చూస్తాడు, భార్య ఛాయాచిత్రంలో నిలబడుతుంది.

ఇద్దరి కన్నులు వేరని చెప్పడానికి వెనిస్ చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 1849 నవంబరులో జాన్ రస్కిన్ తన భార్య ఎఫీతో అక్కడికి వచ్చాడు. ఆస్ట్రియా సేనల ముట్టడికి నగరం లొంగిపోయి అప్పటికి మూడు నెలలు మాత్రమే అయింది. అతడు స్తంభాలను, కమానులను కొలిచాడు; ఆ శ్రమ 1851, 1853 సంవత్సరాల మధ్య ‘వెనిస్ శిలలు’ అనే గ్రంథంగా వెలువడింది. ఆమె మనుషులను చూచింది. విందులు, సైనికాధికారులు, వీథుల సందడి ఆమె లేఖలలో నిండాయి. ఆ లేఖలు 1965లో గాని పుస్తకంగా రాలేదు. వారి వివాహం 1854లోనే రద్దయింది. రాళ్లు లేని వెనిస్ ఎంత అసత్యమో, మనుషులు లేని వెనిస్ కూడ అంతే అసత్యం. ఆ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే నగరం పూర్తిగా కనబడుతుంది. మన దంపతుల వ్యాసం ఈ భేదాన్ని దాచక, దానినే తన సొత్తుగా చేసికొనవచ్చు.

ఇక ‘ఒక రోజు’ అన్నది వ్యాసానికి కేవలం కొలత కాదు, అదే దాని వస్తువు కావాలి. 1951లో వెనిస్ పాత నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000కు లోబడింది. ఒకనాటి అతిథుల రద్దీకి జంకి, 2024 ఏప్రిల్ 25 నుండి నిర్ణీత దినాలలో వారివద్ద 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయ నారంభించారు. సాయంకాలం వీథులు ఎంత ప్రశాంతమైనవని మురిసే రచయిత, ఆ ప్రశాంతత కొంతవరకు ఊరు ఖాళీ కావడం వలన కలిగినదని గ్రహించకపోతే, అతని వర్ణన అందమైన పొరపాటుగా మిగులుతుంది.

ఈ విషయంలో భిలాయివంటి ఉక్కు పట్టణపు రచయితకు లభించిన అవకాశం మరెవరికీ లేదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ రష్యాతో కుదిరిన ఒడంబడికతో పుట్టి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించిన పట్టణం అది. తాందులా జలాశయం నుండి కాలువ మీదుగా వచ్చే నీరు లేనిదే అక్కడ ఇనుము కరగి ఉక్కు కాదు. అక్కడి తెలుగు కుటుంబాలకు కాలువ అంటే విహారం కాదు, కర్మాగారానికి ప్రాణం. అట్టివారు వెనిస్‌కు రైలులో పోతూ, 1846లో కట్టిన వంతెన ఎక్కే ముందు పక్కనే ఉన్న మార్గేరాను చూడక దాటిపోతారు. 1917లో నెలకొన్న ఆ పారిశ్రామిక రేవు భూగర్భజలాన్ని తోడినకొద్దీ, 1970 ప్రాంతం వరకు వెనిస్ నేల మరింత వేగంగా కుంగింది. అక్కడి రసాయన కర్మాగారంలో వినైల్ క్లోరైడు సోకి మరణించిన కార్మికుల విషయమై 1998లో న్యాయవిచారణ మొదలైంది. సోదర పట్టణాన్ని గుర్తించలేని ఉక్కు కార్మికుడు రాజభవనాన్ని మాత్రం గుర్తించాడంటే, అతడు తన కంటితో గాక యాత్రాదర్శిని కంటితో చూచినాడని అర్థం. వెనిస్ నౌకాశాల కూడ అట్టిదే. దాంతె నరకవర్ణనలో, 21వ సర్గలో, అక్కడ మరిగే కీలును ఉపమానంగా తీసికొన్నాడు. కొలిమి వేడిమి ఎరిగిన పాఠకుడు ఆ ఉపమానాన్ని పండితునికంటె సూటిగా అందుకొనగలడు.

కాలువను మన కథకులు ఎలా చూచారో గుర్తుచేసికొనడం మంచిది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’లో కూడ ఒక జంట ఉన్నది: రంగి, పద్దాలు. కథ చెప్పేవాడు పడవలో కేవలం ప్రయాణికుడు. అయినా అతడు చీకటి, నీరు, చుక్కలు వర్ణించి ఊరుకోలేదు. రంగి మాట విన్నాడు. విన్నందువలననే ఆ కాలువ మనకు జ్ఞాపకం. వెనిస్‌లో రోగిని వైద్యశాలకు చేర్చేదీ, చెత్తను ఎత్తుకొనిపోయేదీ, అంగడికి సరుకు తెచ్చేదీ పడవే. షికారు పడవవానికి సొమ్ము చెల్లించిన దంపతులు సరుకు పడవవానిని ఒక్క క్షణం చూచి ఉంటే, వ్యాసానికి అవసరమైన రంగి అక్కడే దొరికేది.

ఒక రోజులో నగరాన్ని తెలిసికొనడం అసాధ్యమని చెప్పి ఇట్టి రచనను తోసివేయడం న్యాయం కాదు. ఒక రోజు చాలును. కాని ఆ రోజును ఇద్దరు చూడాలి, ఆ ఇద్దరూ తాము ఎక్కడినుండి వచ్చినారో మరువకుండా చూడాలి. భిలాయి లేని వెనిస్‌ను భిలాయి రచయిత వ్రాయనక్కరలేదు. అట్టిది అచ్చుకు కొదవలేకుండా ఇదివరకే ఉన్నది.