బొమ్మ మీద పరచిన మాట: షార్లోట్ సాలొమోన్ చిత్రకథ

షార్లోట్ సాలొమోన్ 1917లో బెర్లినులో ఒక యూదు వైద్యుని ఇంట పుట్టినది. 1943 అక్టోబరులో, 26 ఏళ్ళ వయస్సులో, గర్భవతిగా ఉండగా ఆష్విట్జ్‌లో నాజీల చేత హతురాలైనది. అంతకు ముందు, 1940–42 మధ్య, దక్షిణ ఫ్రాన్సులో తలదాచుకొని ఆమె వేసిన చిత్రకథ పేరు 'జీవితమా? నాటకమా?'. ఆమె మరణాన్ని ముందుంచుకొని ఈ బొమ్మలను చూడడం పరిపాటి. అలా చూస్తే జాలి మిగులుతుంది గాని బొమ్మ కంటికి ఆనదు. ఆమె పనితనాన్ని పరిశీలించడమే ఇక్కడ మా ఉద్దేశం.

వేసిన వేయికి పైగా బొమ్మలలో ఆమె ఏరి కూర్చినవి 769. వాడినవి ప్రధానంగా ఎరుపు, నీలం, పసుపు. దీనిని ఆమె మాటలూ పాటలూ కలిసిన సంగీతనాటకంగా సంకల్పించి, ఏ ఘట్టానికి ఏ బాణీ వినిపించాలో కూడ సూచించినది. తంజావూరు యక్షగానాలను ఎరిగిన మన పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. సంధివచనం వలె ఒక కథకుని గొంతు దృశ్యాలను కలుపుతూ పోతుంది. తన కథనే ఆమె ప్రథమపురుషలో చెప్పినది. ఇంటివారికి నవ్వు పుట్టించే మారుపేర్లు పెట్టినది. దుఃఖాన్ని దూరాన నిలిపి చూడడానికి ఇది సాధనం.

బాల్యఘట్టంలో తల్లి కూతురిని పక్కన పడుకోబెట్టుకొని స్వర్గం ఎంతో అందంగా ఉంటుందని చెబుతుంది. తాను అక్కడికి పోయి దేవదూతనైతే కిటికీ గట్టున ఉత్తరం పెడతానంటుంది. 1926లో తల్లి కిటికీ నుండి దూకి ప్రాణం తీసుకున్నది. ఎనిమిదేళ్ళ పిల్లకు మాత్రం జ్వరంతో పోయిందని చెప్పారు. పిల్ల ఉత్తరం కోసం ఎదురుచూసినది. 1940లో అమ్మమ్మ కూడ ఆత్మహత్య చేసుకున్నది. ఆ రోజులలోనే, తల్లీ, తనకు ఎవరి పేరు పెట్టారో ఆ పిన్నీ, ఇంకా ఎందరో అదే దారిన పోయారని తాత నోట ఆమె వినవలసి వచ్చినది.

ఈ సంగతి తెలిసి చూస్తే రచనానిర్మాణం బోధపడుతుంది. తొలిభాగంలో మాటలు బొమ్మ మీద లేవు. బొమ్మపై పరచిన పలుచని పారదర్శక కాగితం మీద ఉన్నవి. కాగితం ఎత్తితే మాట లేని బాల్యం. దించితే ఆలస్యంగా అందిన నిజం. ఆడపిల్ల అనుభవించినది ఒకటి, పెద్దయి తెలుసుకొన్నది మరొకటి. ఆ రెంటినీ కలగాపులగం చేయకపోవడమే ఈ రచనలోని నిజాయితీ అని మా అభిప్రాయం. తరువాతి భాగాలలో ఆ కాగితం తొలగి, మాటలు నేరుగా రంగుల మీదికి వచ్చినవి.

లోపాలు లేకపోలేదు. సంగీతగురువు సిద్ధాంతాలు సాగే నడిమిభాగంలో ఒకే ముఖం పదేపదే వచ్చి విసుగు కలిగిస్తుంది. చివరికి వచ్చేసరికి అక్షరాలు బొమ్మలను మింగివేస్తాయి. అయినా ఆ తొందర కూడ కథలో భాగమే. మిగిలిన వ్యవధి ఎంతో ఆమెకు తెలియదు.

ఆఖరి బొమ్మలో ఒక యువతి మనకు వీపు పెట్టి సముద్రపు టొడ్డున కూర్చొని చిత్రం వేస్తున్నది. చేతిలోని కాగితం గుండా సముద్రం కనబడుతున్నది. గ్రంథం పేరు ఆమె వీపు మీదనే వ్రాసి ఉన్నది. ఇంటివారు దాచిన మాటను ఆమె దాచలేదు. తన ఒంటి మీద వ్రాసుకొన్నది.