సంజాయిషీ చెప్పని పిల్లల కథ కావాలి

ఎక్కడ బాంబు పేలినా మేం పనిచేసిన న్యూస్ డెస్కులో చూపులన్నీ ఒకసారి మా వైపు తిరిగేవి. "మీవాళ్లు దీని గురించి ఏమనుకుంటున్నారో ఒక చిన్న ఐటెం రాయండి" అనేవాళ్లు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. రంజాన్‌కి మా ఇంటికొచ్చి షీర్ ఖుర్మా తాగి వెళ్లినవాళ్లే. ఖండిస్తున్నామని నాలుగు ముక్కలు రాసిస్తే వాళ్ల మనసు కుదుటపడేది. ఆఫీసు భాషలో దీన్ని సంజాయిషీ అంటారు. తప్పు చేశాడన్న అనుమానం ఉన్న గుమాస్తా దగ్గర తీసుకునే కాగితం అది. మాలో చాలామందికి ఆ మెమో ఉద్యోగంలో చేరాక అందలేదు. ఏడో తరగతిలో, ఇండియా పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ మర్నాడు, బడిలోనే అందింది.

ఇప్పుడీ సంగతి ఎత్తుకోవడానికి కారణం మా అమ్మాయి. ఇంగ్లీషు మీడియం చదువు. పదిహేనేళ్లు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లోంచి ఏరి తెచ్చుకున్న ఒక నవల పూర్తిచేసి, "అబ్బా, ఈ పిల్ల ఎంతమందికని జవాబు చెప్తుంది? అలసిపోదా?" అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆ నవలా, ఆ తర్వాత అదే కోవలో ఇంకో రెండు నవలలూ మేమూ చదివాం. యంగ్ అడల్ట్ నవలలని వీటికి పేరు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం రాసేవి. 'నేనెవరు?' అని మొదలై, ఒక అన్యాయం ఎదురై, చివరికి ఆ పిల్ల తనని తాను తెలుసుకోవడంతో ముగుస్తాయి. చదువుతున్నంతసేపూ మేం ఒక్కటే కొలబద్ద పెట్టుకున్నాం. ఈ పుస్తకంలోని పిల్ల సంజాయిషీ చెబుతోందా, అడుగుతోందా?

మా అమ్మాయి చదివిన మొదటి నవల రాండా అబ్దెల్ ఫత్తాహ్ 2005లో రాసిన 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?' రచయిత్రిది ఆస్ట్రేలియా. తండ్రి పాలస్తీనా మనిషి, తల్లి ఈజిప్టు. కథానాయిక అమల్ మెల్‌బోర్న్‌లో చదివే పదహారేళ్ల పిల్ల. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ టీవీలో 'ఫ్రెండ్స్' సీరియల్ చూస్తుండగా, ఇకనుంచి హిజాబ్ వేసుకోవాలని నిర్ణయించుకుంటుంది. ఎవరూ బలవంతపెట్టలేదు. పైగా డాక్టరైన తండ్రీ, డెంటిస్టయిన తల్లీ బడిలో ఇబ్బంది పడతావేమోనని వెనకాడతారు. ఈ ఒక్క సన్నివేశం కోసమైనా మన ఇళ్లలో ఈ పుస్తకం చదవాలి. వేసుకోమనేదీ పెద్దలే, తీసేయమనేదీ పెద్దలే. మధ్యలో ఆ పిల్లని అడిగినవాళ్లెవరు? మన సమాజంలో అడగరు. మన సెక్యులర్ మిత్రులూ అడగరు.

2002లో బాలిలో బాంబులు పేలాక, ఇస్లాం, టెర్రరిజం అంశం మీద మాట్లాడమని క్లాసులో ఒకమ్మాయి అమల్‌ని అడుగుతుంది. మా న్యూస్ డెస్కు మళ్లీ మా కళ్ల ముందుకొచ్చింది. అమల్ మాలాగా కాగితం తీసుకుని రాసివ్వలేదు. మరి మీ మతం పేరుతో హత్యలు చేసినవాళ్ల గురించి నువ్వు ఉపన్యాసం ఇస్తావా అన్నట్టు ప్రశ్నని తిప్పికొడుతుంది. మేం నలభై ఏళ్లు దాటాక కూడా చెప్పలేని మాట పదహారేళ్ల పిల్ల చెప్పేసింది.

అయినా ఈ నవలతో మాకు పేచీ ఉంది. అమల్ స్నేహితురాలు లైలా టర్కీ కుటుంబం పిల్ల. లాయరు కావాలని ఆమె కోరిక. చదువులేని తల్లి మాత్రం తొందరగా పెళ్లి చేసెయ్యాలంటుంది. లైలా ఇల్లు విడిచి వెళ్లిపోయే దాకా వస్తుంది. ఇదంతా మన గడపల్లో జరిగేదే. కానీ నవల దీనికి చెప్పే పరిష్కారం చాలా సులువు. మతం మంచిదే, తప్పంతా పల్లెటూరి ఆచారానిది అని గీత గీసేస్తుంది. ఈ గీత ఎవరి కోసం? పక్కనుండి చదువుతున్న తెల్లవాళ్ల కోసం. ఇదీ ఒక సంజాయిషీయే. డాక్టరుగారమ్మాయి తన ధర్మం శుభ్రమైనదని రుజువు చేసుకోడానికి, చదువురాని ఒక పల్లెటూరి తల్లి ముద్దాయి అయింది. పీర్ల పండుగకి డప్పు కొట్టే ఊళ్ల నుంచి, దర్గా దగ్గర కందూరు చేసే ఇళ్ల నుంచి, దూదేకుల వాడల నుంచి వచ్చిన మాకు ఆ తల్లి పరాయిది కాదు. మా నానీలు ఆ తల్లిలాంటివాళ్లే. ఆ నానీల దగ్గర తప్పులూ ఉన్నాయి, మమ్మల్ని బతికించిన తెలివీ ఉంది. ఆమెకీ నవలలో ఒక అధ్యాయం దక్కాల్సింది.

ఇంకో మాట. అమల్ తన ప్రిన్సిపల్ ఎదుట కూర్చుని మాట్లాడగలిగింది. 2021 చివర్లో, 2022 మొదట్లో ఉడుపిలోనూ కర్ణాటకలోని ఇతర ఊళ్లలోనూ కాలేజీ గేట్ల బయట నిలబడ్డ అమ్మాయిలకి ఆ కుర్చీ దక్కలేదు. 2022 మార్చి 15న హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులిచ్చారు. 'నా ఇష్టం, నా నిర్ణయం' అని అమల్ అనగలిగిందంటే ఆమెకి గేటు తెరిచి ఉంది కనకనే. తనని తాను తెలుసుకోవడం గురించి రాసే నవల ఆ గేటు గురించి కూడా రాయాలి.

రెండో నవల గేటు దగ్గరే మొదలవుతుంది. యాంజీ థామస్ 2017లో రాసిన 'ది హేట్ యూ గివ్'. నల్లజాతి పిల్ల స్టార్ వయసు పదహారు. ఉండేది పేద నల్లవాడలో, చదివేది తెల్లపిల్లల ఖరీదైన బడిలో. బడిలో మాట్లాడే తీరు వేరు, వాడలో మాట్లాడే తీరు వేరు. రెండు భాషల మధ్య పెరిగిన మాకు ఈ అవస్థ ఎవరూ వివరించక్కర్లేదు. ఇంట్లో 'అమ్మీ' అనేవాళ్లం, బడి గేటు దాటగానే అదే మనిషి 'మా అమ్మ' అయిపోయేది. పన్నెండేళ్లప్పుడే స్టార్‌కి తల్లిదండ్రులు ఒక పాఠం చెబుతారు. పోలీసు ఆపితే చేతులు కనబడేలా పెట్టు, గబుక్కున కదలకు, అడిగినదానికే మాట్లాడు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ నుంచి ఎందరో ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. ఆ తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలిపెట్టాయి. ఆ రోజుల్లో మన తల్లులు కొడుకులకి చెప్పిన జాగ్రత్తలు ఇవే. కార్డు జేబులో పెట్టుకో, చీకటి పడకముందే ఇంటికి రా, ఎదురు మాట్లాడకు. పాఠం ఒకటే. మనది పుస్తకంలోకి ఎక్కలేదు, అంతే తేడా.

స్టార్ కళ్లముందే ఆమె చిన్ననాటి నేస్తం ఖలీల్‌ని పోలీసు కాల్చేస్తాడు. కారులో ఉన్న తలదువ్వుకునే బ్రష్షు తుపాకీలా కనిపించిందంటాడు. మర్నాటి నుంచి విచారణ చచ్చిపోయినవాడి మీద మొదలవుతుంది. డ్రగ్స్ అమ్మేవాడట, గ్యాంగులో ఉండేవాడట. చివరికి గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసు మీద కేసే అక్కర్లేదంటుంది. తండ్రి కిరాణా కొట్టు తగలబడుతుంది. న్యాయం దొరకని ముగింపు రాయడానికి ధైర్యం కావాలి, యాంజీ థామస్‌కి అది ఉంది. మేనమామని పోలీసుగానే ఉంచి, అతన్ని రాక్షసుణ్ణి చెయ్యకపోవడం కూడా మాకు నచ్చింది. అమెరికాలో ఈ పుస్తకాన్ని బడి లైబ్రరీల నుంచి తీసేయమని మళ్లీమళ్లీ ఫిర్యాదులు రావడంలో వింతేం లేదు.

కానీ ఇక్కడా మా కొలబద్ద ఒకచోట ఆగింది. ఖలీల్ డ్రగ్స్ అమ్మింది తల్లి చేసిన బాకీ తీర్చడానికని కథ మధ్యలో మనకి తెలుస్తుంది. మన మనసు కరుగుతుంది. అది కరగగానే మమ్మల్ని మేం ప్రశ్నించుకోవాల్సి వచ్చింది. ఆ బాకీ కథ లేకపోతే? నిజంగానే డబ్బు కోసం అమ్మి ఉంటే? అతని చావుకి న్యాయం అడగకూడదా? బాధితుడు మంచివాడని రుజువయ్యాకే మనం ఏడవడం మొదలుపెడితే, ఆ కన్నీళ్లు కూడా సంజాయిషీ మీద విడుదలైన జామీనే. మేం విలేకరులుగా ఎన్ని వార్తలు ఇలా రాశామో! 'మెరిట్ విద్యార్థి', 'ఏ పాపం ఎరగని ఇంజనీరు' అని రాసేవాళ్లం. మెరిట్ లేని పిల్లవాడిని లాకప్పులో కొట్టొచ్చన్నట్టు.

మూడోది సమీరా అహ్మద్ 2019లో రాసిన 'ఇంటర్న్‌మెంట్'. బొంబాయిలో పుట్టి అమెరికాలో పెరిగిన రచయిత్రి. రేపటి అమెరికాలో ముస్లింలని క్యాంపుల్లో పెడితే ఎలా ఉంటుందన్న ఊహ. పదిహేడేళ్ల లైలా అమీన్‌ని తల్లిదండ్రులతో సహా కాలిఫోర్నియా ఎడారిలో మంజనార్ దగ్గరున్న క్యాంపుకి తీసుకెళ్తారు. వాళ్ల పేర్లు ఎలా దొరికాయి? జనాభా లెక్కల్లో మతం దగ్గర నిజం రాసినందువల్ల. ఆ ఒక్క వివరం మా ఒళ్లు జలదరింపజేసింది. నవల వచ్చిన ఏడాదే, 2019 ఆగస్టు 31న అస్సాంలో 19 లక్షల మంది పేర్లు లేకుండా పౌరుల జాబితా వచ్చింది. ఆ డిసెంబర్లో పౌరసత్వ చట్ట సవరణ వచ్చింది. ఇనప్పెట్టెల్లోంచి తాతల కాలపు కాగితాలు తీసి సరిచూసుకోని ముస్లిం ఇల్లు ఆ చలికాలం మాకు తెలిసి లేదు.

ఇంత బలమైన వస్తువుని ఈ నవల తొందరలో వృథా చేసింది. క్యాంపు డైరెక్టరు ఉత్త సినిమా విలన్. పిల్లలు తిరగబడతారు, బయటి జనం కదులుతారు, క్యాంపు మూతపడుతుంది. చరిత్ర అంత తొందరగా నడవలేదు. 1942లో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లని నిజంగానే క్యాంపుల్లో పెట్టారు. మంజనార్ అందులో ఒకటి. ఆ దేశం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకి తలా 20,000 డాలర్లిచ్చే చట్టం చేసింది 1988లో. నలభై ఆరేళ్లు పట్టింది! అప్పటికి ఎంతమంది తల్లులూ తండ్రులూ పోయారో. పిల్లలకి రాస్తున్నామని న్యాయాన్ని చవగ్గా చేసి చూపిస్తే, రేపు బయట అది దొరకనప్పుడు వాళ్లు తమనే తప్పుపట్టుకుంటారు.

మూడు పుస్తకాలయ్యాక మా అమ్మాయి రెండో ప్రశ్న వేసింది. "తెలుగులో మన మీద ఇలాంటిది ఉందా, అబ్బా?"

మా చిన్నప్పుడు ఇంట్లో రెండు పత్రికల పాత కట్టలుండేవి. ఢిల్లీ నుంచి వచ్చిన ఉర్దూ 'ఖిలౌనా', మద్రాసు నుంచి వచ్చిన తెలుగు 'చందమామ'. ఖిలౌనాలో పేర్లు మావి, ఊళ్లు మావి కావు. చందమామలో ఊళ్లు మావి, పేర్లు మావి కావు. మేం చదివిన సంచికల్లో బాగ్దాద్ ఖలీఫాలుండేవారు గాని, పక్కింటి ఖాసిం ఉండేవాడు కాదు. మంచి పుస్తకం పిల్లలకి అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి అని అమెరికా విమర్శకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసింది. మాకు కిటికీలకి లోటులేదు. అందరి ఇళ్లూ చూశాం. మా మొహం చూసుకోడానికి మాత్రం అద్దం లేదు. మా ఇల్లు చూడ్డానికి పక్కింటివాళ్లకి కిటికీ కూడా లేదు.

ఆ తర్వాత మనవాళ్లు రాశారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది, 1998లో 'జల్‌జలా' వచ్చింది. షాజహానా లాంటి కవయిత్రులు ఇంటి లోపలి మాట బయటపెట్టారు. అవి లేకపోతే ఈ వ్యాసం రాసే గొంతే మాకుండేది కాదు. కానీ నిజాయితీగా ఒప్పుకోవాలి. 1992 డిసెంబర్ 6 తర్వాత మనం రాసినదాంట్లో చాలాభాగం జవాబే. మేమూ ఈ మట్టివాళ్లమే అన్న జవాబు. అప్పుడది అవసరం. కానీ మన పిల్లల జీవితం కూడా ఆ జవాబుతోనే మొదలవ్వాలా?

మొదలవ్వక్కర్లేదని చూపించినవాడు ఖదీర్‌బాబు. 'దర్గామిట్ట కథలు'లోని నెల్లూరు జిల్లా కుర్రాడు ఎవరికీ తన మతాన్ని వివరించడు. అల్లరి చేస్తాడు, తన్నులు తింటాడు, ఆకలేస్తే అమ్మని సతాయిస్తాడు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో పిల్లల కోసం తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' వరసలో ఆయన తలకాయకూర కథ ఉంది. కూర ఎలా వండుతారో నోరూరేలా చెబుతుంది. అది తినడం తప్పా ఒప్పా అన్న చర్చే రాదు. నచ్చితే పక్కన కూర్చుని తినండి. మేం అడుగుతున్నది అలాంటి కథనే.

అయితే ఆ కుర్రాడు అక్కడే ఆగిపోయాడు. పదిహేనేళ్లవాడు కాలేదు. పదిహేనేళ్ల అమ్మాయి అసలు పుట్టనే లేదు. తెలుగు సాహిత్యంలో పిల్లలు 'బుడుగు' వయసు దాటగానే నేరుగా పెళ్లి వయసుకి దూకుతారు. మధ్యలో ఉన్న ఆరేడేళ్లు ఎవరికీ పట్టవు. ఇక మన ముస్లిం కథల్లో అమ్మాయి కనిపిస్తే తలాక్ కోసమో, కట్నం కోసమో, గల్ఫు షేకు కోసమో కనిపిస్తుంది. సైన్సు ఫెయిర్ కోసం కనిపించదు. అమ్మీతో పోట్లాడి మేడ మీద కూర్చున్నట్టు కనిపించదు. నమాజ్ మానేసిన రోజు మనసులో ఏమనుకుందో మనకి తెలియదు. ఈ తప్పులో మగ రచయితలుగా, విలేకరులుగా మాకూ వాటా ఉంది.

కాబట్టి రాయగలిగినవాళ్లకి మా మనవి ఒకటే. ఆ అమ్మాయిని రాయండి. ఆమె హిజాబ్ వేసుకోవచ్చు, వేసుకోకపోవచ్చు. మంచిపిల్ల కావచ్చు, కాకపోవచ్చు. లెక్కల్లో తప్పొచ్చు. ఆమె ఇంట్లో అన్యాయం ఉంటే దాన్నీ రాయండి, బయటివాళ్లేమనుకుంటారోనని దాచొద్దు. బయట అన్యాయం ఉంటే దానికి చవక ముగింపు పెట్టొద్దు. నానీకి ఒక అధ్యాయం ఇవ్వండి. ఉర్దూ మాట వచ్చిన ప్రతిచోటా కింద అర్థం ఇవ్వక్కర్లేదు. ఇన్నేళ్లు మేం మీ పండుగల పేర్లు అర్థాలు లేకుండానే నేర్చుకోలేదా?

సెక్యులర్ మిత్రులకీ ఒక మాట. ఆ పుస్తకం వచ్చినప్పుడు దాన్ని ముస్లింలను అర్థం చేసుకోడానికి చదవకండి. మీ ఇంట్లోనూ పదిహేనేళ్ల పిల్ల ఉంటుంది కదా, ఆమె చేతికివ్వండి. ఏం జరుగుతుందోనని ఆత్రంగా పేజీలు తిప్పితే చాలు.

మా అమ్మాయికి ఇంకా జవాబు చెప్పలేదు. తెలుగులో వెతుకుతున్నామని మాత్రం చెప్పాం. "లేకపోతే నేనే రాస్తాలే" అని లోపలికెళ్లిపోయింది. ఏం రాస్తావని మేం అడగలేదు.