కొండదారి బండికి రోజువారీ కొలువు

హిమాలయాల కోసం చేసిన బండిని హిమాలయాల్లోనే పరీక్షించాలని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం దాని పనితనం పూర్తిగా తెలిసివచ్చింది విశాఖపట్నంలో, సోమవారం ఉదయం మద్దిలపాలెం నుంచి గాజువాక వైపు సాగే రద్దీలో. కొండ మీద ఏ బండి అయినా మనసు దోచుకోగలదు. చుట్టూ ఉన్న లోయలూ మబ్బులూ సగం పని చేసిపెడతాయి. ఊళ్ళో ఆ సాయం ఉండదు. పోర్టు లారీ వెనక పొగలో, తవ్వి సరిగ్గా పూడ్చని రోడ్డు మీద, ఆఫీసుకు ఆలస్యమవుతున్న వేళ, పనితనం ఉంటే అక్కడే తెలుస్తుంది. లేకపోయినా అక్కడే తెలుస్తుంది.

నేను రోజూ నడిపేది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. ఈ పేరుతో మొదటి బండి 2016లో వచ్చింది. దానికి 411 సీసీ ఇంజను, ఐదు గేర్లు. శక్తి 24 హార్స్‌పవర్ పైచిలుకు. ఆ బండి నెమ్మదిగా నడిచినా నమ్మకంగా నడిచి దేశమంతటా అభిమానులను సంపాదించుకుంది. 2023 నవంబరులో దాని స్థానంలోకి 450 వచ్చింది. చెన్నైలోని ఇంజనీర్లూ, ఇంగ్లండులోని లీసెస్టర్‌షైర్‌లో కంపెనీకి ఉన్న సాంకేతిక కేంద్రమూ కలిసి చేసిన బండి ఇది. పాత బండిలో పెద్ద ఇంజను దూర్చి ఊరుకోలేదు. ఫ్రేము, ఇంజను, సస్పెన్షన్ అన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి గీసుకున్నారు. ఇంజనుకు షెర్పా 450 అని పేరు పెట్టారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ అమ్మకానికి తెచ్చిన బండ్లలో నీటితో చల్లబడే ఇంజను ఇదే మొదటిది.

ఈ మార్పు ఎంత పెద్దదో ఒక్క లెక్క చెబుతుంది. బీఎస్6 నాటి 411 బరువు 199 కిలోలు, పెట్రోలు ట్యాంకు 15 లీటర్లు. 450లో శక్తి 40 హార్స్‌పవర్‌కు పెరిగింది, ట్యాంకు 17 లీటర్లకు పెరిగింది, గేర్లు ఆరయ్యాయి. బరువు మాత్రం 196 కిలోలకు తగ్గింది. శక్తి పెంచడం ఒక విద్య. శక్తితోపాటు బరువు పెరగకుండా ఆపడం దానికంటే కష్టమైన విద్య. ఎక్కడ ఇనుము అవసరమో, ఎక్కడ కాదో తెలిసినవాళ్ళకే అది సాధ్యం. ఈ బండిలో ఇంజనే ఫ్రేములో ఒక భాగమై భారం మోస్తుంది. ఆ మేరకు వేరే గొట్టాలు, వాటి బరువు అక్కరలేకుండా పోయాయి.

ముందు చక్రం దగ్గర కాసేపు ఆగాలి. దాని వ్యాసం 21 అంగుళాలు, టైరు సన్నం. మన స్కూటర్లకు ఉండే 10, 12 అంగుళాల చక్రంతో పోల్చి చూడండి. చిన్న చక్రం గుంతలోకి దిగబడి అవతలి అంచును నేరుగా గుద్దుకుంటుంది, ఆ దెబ్బ మణికట్టు దాకా వస్తుంది. పెద్ద చక్రం అదే అంచును ఏటవాలుగా తాకి పైకి ఎక్కేస్తుంది. బురదలో, రాళ్ళలో నడవాల్సిన ఎడ్లబండికి అంత పెద్ద చక్రాలు బిగించిన మన వడ్రంగులకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. స్పితి లోయలో రాళ్ళ కోసం పెట్టిన ఈ చక్రం ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక వచ్చే గతుకుల్లోనూ అదే పని చేస్తుంది. పెద్ద చక్రం మలుపులో కొంచెం నిదానంగా తిరుగుతుందన్నది నిజం. అందుకే హాండిల్‌ను వెడల్పుగా పెట్టారు. వెడల్పు హాండిల్ మీద చిన్న ఒత్తిడి చాలు, ఆ నిదానం చేతికి తెలియకుండా పోతుంది. ఒక లక్షణం వల్ల వచ్చే లోటును ఇంకో లక్షణంతో పూడ్చడం ఈ బండి అంతటా కనిపించే పద్ధతి.

ఆ చక్రాన్ని పట్టుకుని ఉన్న ఫోర్క్ షోవా కంపెనీది, 43 మిల్లీమీటర్లది, అప్‌సైడ్ డౌన్ రకం. మామూలు ఫోర్క్‌లో సన్న గొట్టం పైన, లావు గొట్టం కింద ఉంటాయి. ఇందులో లావు గొట్టాన్ని పైన, హాండిల్ దగ్గర బిగించారు. బ్రేకు నొక్కినప్పుడు వంచే బలమంతా పడేది సరిగ్గా అక్కడే. 320 మిల్లీమీటర్ల ముందు డిస్కును గట్టిగా పట్టినా ముందు భాగం వణకకపోవడానికి అదొక కారణం. ముందూ వెనకా చక్రాలు 200 మిల్లీమీటర్ల మేర పైకీ కిందకీ కదలగలవు. వెనక ఉన్న ఒక్క షాక్ అబ్జార్బర్‌ను నేరుగా బిగించకుండా మధ్యలో లింకు పెట్టారు. చక్రం లోతుకు పోయేకొద్దీ ఆ లింకు షాక్‌ను ఎక్కువెక్కువగా నొక్కుతుంది. అందువల్ల చిన్న గతుకుల దగ్గర మెత్తగా ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలినప్పుడు గట్టిపడుతుంది.

ఈ కొలతల ఫలితం ఊళ్ళో ఎలా ఉంటుందంటే, హైవే మీద వరసగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ చక్రాలకే తెలిసి నడుముకు తెలియవు. కాలనీల్లో ఎవరికి వారు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు తగలదు, 230 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది. వాన కురిసి గుంతలన్నీ నీళ్ళతో నిండి, ఏది లోతో ఏది కాదో తెలియని సాయంత్రాల్లో ఈ ఎత్తు ఇచ్చే ధైర్యాన్ని అంకెలతో చెప్పలేను. మరీ చెడిపోయిన చోట ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడితే చాలు. అవి సరిగ్గా శరీరం కింద ఉన్నాయి, హాండిల్ చేతికి అందే ఎత్తులో ఉంది. మోకాళ్ళ మధ్య ట్యాంకు సన్నగా ఇమిడిపోతుంది. నిలబడి నడపడం లద్దాఖ్ వెళ్ళేవాళ్ళ విద్య అనుకునేవాణ్ణి. రోడ్డు పనులు జరిగే చోట అది రోజూ అక్కరకొస్తోంది.

ఇంజను కథ వేరు. పాత 411లో సిలిండర్ వ్యాసం 78 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 86. కొత్తదానిలో వ్యాసం 84, దూరం 81.5. ఈ చిన్న తారుమారులోనే బండి స్వభావమంతా మారింది. పిస్టన్ నడిచే దూరం తగ్గింది కనుక ఇంజను ఎక్కువ వేగంగా తిరగగలదు. పెద్ద వ్యాసంలో నాలుగు వాల్వులు హాయిగా అమరాయి, వాటిని రెండు క్యామ్‌షాఫ్టులు నడుపుతాయి. 40 హార్స్‌పవర్ వచ్చేది నిమిషానికి 8000 చుట్ల దగ్గర, 40 న్యూటన్ మీటర్ల టార్క్ వచ్చేది 5500 దగ్గర. పై గేరులో పెట్టి నిద్రపోతున్నట్టు లాగించే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ ఇంజను మొదట కొత్తగా ఉంటుంది. 3000 చుట్ల లోపు పై గేరులో యాక్సిలరేటర్ తిప్పితే చిన్నగా కుదుపుతుంది, ఒక గేరు దించమని అడుగుతుంది. దించగానే గొంతు మారుతుంది, బస్సును దాటే బలం సిద్ధంగా ఉంటుంది. దీన్ని లోపంగా కాక బండి మాటగా విని గేరు మార్చే వేళను నేర్చుకున్నవాడికి, రెండో గేరూ మూడో గేరూ ఊరంతటికీ సరిపోతాయి.

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన భాగం గురించి చెప్పాలి. అది స్లిప్ అసిస్ట్ క్లచ్. లోపలి ప్లేట్లను నొక్కి ఉంచడానికి ఇందులో స్ప్రింగులు ఒక్కటే కష్టపడవు. ఇంజను చక్రాన్ని లాగుతున్నప్పుడు ఏటవాలు పళ్ళు కూడా ప్లేట్లను దగ్గరికి లాగుతాయి. అందువల్ల స్ప్రింగులు మెత్తనివి పెట్టవచ్చు, లివర్ రెండు వేళ్ళతో పట్టేంత తేలికవుతుంది. గేరు ఒక్కసారిగా దించినప్పుడు అవే పళ్ళు ప్లేట్లను కొంచెం వదులు చేస్తాయి, వెనక చక్రం పట్టేసినట్టు గెంతదు. రేసు బండ్లలో మలుపుకు ముందు గేర్లు గబగబా దించడం కోసం పుట్టిన ఏర్పాటు ఇది. సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య క్లచ్ పట్టీ వదిలీ అలసిపోయే ఎడమచేతికి ఇంతకంటే మేలు చేసే భాగం బండిలో మరొకటి లేదు.

చిన్న పనుల్లోనూ ఆలోచన కనిపిస్తుంది. వెనక విడిగా టెయిల్ ల్యాంపు లేదు. బ్రేకు, టెయిల్ లైట్లు రెండూ ఇండికేటర్లలోనే కలిసిపోయాయి. మడ్‌గార్డ్ మీద వెనక్కి పొడుచుకొచ్చి ముందుగా పగిలే ప్లాస్టిక్ ముక్క ఒకటి తగ్గింది. ఎదురుగా నాలుగు అంగుళాల గుండ్రటి తెర ఒక్కటే. వేగం, గేరు, పెట్రోలు అన్నీ అందులోనే. ఫోన్‌తో కలిపితే గూగుల్ మ్యాప్ ఆ గుండ్రంలోనే నిండుగా తెరుచుకుంటుంది. ఎడమ బొటనవేలి కింద ఉన్న చిన్న మీట కదిపితే తెర మారుతుంది, చేయి హాండిల్ వదలనక్కరలేదు. కొత్త వీధిలో చిరునామా వెతుక్కునేటప్పుడు ఫోన్ జేబులోనే ఉంటుంది, కళ్ళు రోడ్డుకు దగ్గరగా ఉంటాయి.

ఈ గుణాలకు మనం చెల్లించే మూల్యమూ ఉంది. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, కావాలంటే 845కు పెంచుకోవచ్చు. మధ్యరకం ఎత్తున్న నాకు తక్కువ అమరికలోనూ రెండు మడమలు పూర్తిగా ఆనవు. ఎత్తుపల్లాల విశాఖ వీధుల్లో ఎక్కడ ఆపాలో, ఏ కాలు దించాలో ముందే చూసుకోవాలి. మా ఆవిడ వెనక ఎక్కేటప్పుడు ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, నా భుజం పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కాక మాత్రం రోడ్డంతా కనిపిస్తోందని సంతోషిస్తుంది. మే నెల ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడితే ఆ వేడి గాలి కాళ్ళకు తగులుతుంది. నీటితో చల్లబడే ఇంజను ఆ వేడిని ఎక్కడో ఒకచోట వదలక తప్పదు. మొదట్లో ఈ బండి స్పోక్ చక్రాలు ట్యూబులతోనే వచ్చేవి, స్పోకుల రంధ్రాల గుండా గాలి పోని ట్యూబ్‌లెస్ చక్రాలు తర్వాత వచ్చాయి. రోజూ నడిపేవాళ్ళు ఆ రెండో రకమే తీసుకోవడం మంచిది. పంక్చర్ షాపులో స్పోక్ చక్రం విప్పి బిగించే పని చిన్నది కాదు.

విశాఖలో ఇంకొక శత్రువు ఉప్పుగాలి. స్పోకులు, నట్లు, చైను, అన్నిటికంటే ముందు వాటినే పట్టుకుంటుంది. మా వీధి మెకానిక్ మొదటి రోజే ఒక మాట చెప్పాడు: "ఇంజను సంగతి కంపెనీవాళ్ళు చూసుకున్నారు సార్, చైను సంగతి మీరు చూసుకోండి." వారాంతంలో చైను తుడిచి ల్యూబ్ కొట్టడం, నీళ్ళతో స్పోకులు కడిగి ఆరబెట్టడం నాకు ఇష్టమైన పని అయింది. మంచి పనితనం ఉన్న వస్తువును శుభ్రం చేస్తున్నప్పుడే దాన్ని దగ్గరగా చూడగలం. ఏ తీగ ఎక్కడ బిగించారో, ఏ గొట్టం రాయి తగలకుండా ఎలా తిప్పారో అప్పుడే కంటపడతాయి.

అరకు వైపూ తీసుకెళ్ళాను. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అనంతగిరి కాఫీ తోటల దాకా మలుపు మీద మలుపు. అక్కడ బండి కొత్త గుణమేదీ బయటపెట్టలేదు. ఊళ్ళో నా ఎడమచేతిని కాపాడిన క్లచ్చే అక్కడ గేరు దించినప్పుడు వెనక చక్రాన్ని అదుపులో ఉంచింది. ఊళ్ళో గుంతలు మింగిన ఫోర్కే మలుపులో ఎదురైన గులకరాళ్ళను దాటించింది. నేను నేర్చుకోవలసిందంతా ఆఫీసు దారిలోనే నేర్పేసింది. నిదానంగా నడిపితే లీటరుకు సుమారు 28 కిలోమీటర్లు వస్తోంది. ఆ లెక్కన ట్యాంకు నింపితే విజయవాడ చేరినా ఇంకా పెట్రోలు మిగులుతుంది. రోజువారీ పనికి వారానికోసారి బంకు ముఖం చూస్తే సరిపోతుంది.

ఆఫీసుకు వెళ్ళడానికి ఇంత బండి ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఒక్కటే. అరుదుగా వచ్చే పెద్ద కష్టాన్ని తలచుకుని చేసిన వస్తువు, రోజూ వచ్చే చిన్న కష్టాలను తేలిగ్గా దాటిస్తుంది. ఆ మిగులు బలం వృథా కాదు, మన రోడ్ల మీద అది రోజూ ఖర్చవుతూనే ఉంటుంది. మన ఇంజనీర్లు కూడా చేయి వేసి, మన మార్కెట్‌కు అందే ధరలో ఇలాంటి బండి చేసినందుకు నాకు మనస్ఫూర్తిగా గర్వంగా ఉంది.

కొనాలనుకునేవాళ్ళు షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద నడిపి నిర్ణయానికి రావద్దు. మీరు రోజూ వెళ్ళే దారికే తీసుకెళ్ళండి. ఇంట్లోవాళ్ళను వెనక ఎక్కించుకోండి. ఎత్తు మీద ఆపి కాలు దించి చూడండి, సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడండి, మీ వీధిలోని అన్నిటికంటే మొరటు స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి. అక్కడ మీకు నచ్చితే కొనండి. కొండ సంగతి బండి చూసుకుంటుంది.